ఐస్ కింద లోతు: సోనార్ ఒక లెక్క, లైన్ ఇంకో లెక్క

మినియాపోలిస్_కుర్రాడు
అన్నలూ, పొద్దున ఏడింటి నుంచీ గడ్డకట్టిన మిల్ లాక్స్ సరస్సు మీదే చేపలు పడుతూ ఉన్నా. ఇప్పుడే గదికొచ్చా, వేళ్లకి ఇంకా తిమ్మిరి వదల్లేదు. ఫ్లాషర్ (శబ్దంతో లోతు కొలిచే సోనార్ మెషీన్) 21 అడుగులు అంటోంది. సీసం కట్టి లైన్ వదిలితే 24 వస్తోంది. నాలుగు చోట్ల రంధ్రాలు వేశా, నాలుగింట్లోనూ ఇదే గోల. వాలై చేప అడుక్కి ఓ అడుగు పైన తిరుగుతుందంటారు. మూడడుగులు తేడా వస్తే గాలం ఎక్కడ ఆపాలి? మెషీన్ కొని నెల కూడా కాలేదు, అప్పుడే పోయిందా? రేపు మళ్లీ వెళ్తున్నా, కాస్త చెప్పండి.

ముందు_జాగ్రత్త
తమ్ముడూ, లోతు సంగతి తర్వాత. ఐస్ మందం చూశావా? మిన్నెసోటా డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్లు మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాలు ఉండాలంటారు. అదీ కొత్తగా కట్టిన తేట ఐస్ అయితేనే. మంచు కలిసి తెల్లగా ఉన్న ఐస్‌కి బలం సగమే, అక్కడ రెట్టింపు మందం కావాలి. ఒడ్డు దగ్గర ఒకసారి కొలిచి సరస్సంతా అంతే అనుకోకు, 150 అడుగులకోసారి చూసుకోవాలి. మెడలో ఐస్ పిక్స్ (నీళ్లలో పడితే ఐస్‌లో గుచ్చి పైకి పాకే మేకులు) లేకుండా అడుగు పెట్టొద్దు. ఇంట్లోవాళ్లకి ఎక్కడున్నావో చెప్పి వెళ్లు.

మినియాపోలిస్_కుర్రాడు
అన్నా, 22 అంగుళాలుంది. పక్కనే పికప్ ట్రక్కులు ఆగి ఉన్నాయి. నేనడిగింది లోతు గురించి.

పాత_ఫ్లాషర్
ట్రాన్స్‌డ్యూసర్ (శబ్దం పంపి ప్రతిధ్వని వినే ముక్క) ఎక్కడ వేలాడదీశావు?

మినియాపోలిస్_కుర్రాడు
రంధ్రంలోనే.

పాత_ఫ్లాషర్
ఎంత కిందకి?

శబ్దవేగం
అసలు కారణం చల్లదనం అండి. నీళ్లలో శబ్దం వేగం 0 డిగ్రీల దగ్గర సెకనుకి సుమారు 1,400 మీటర్లు, 20 డిగ్రీల దగ్గర 1,480. మెషీన్ 1,500 లెక్కన కట్టేస్తే ఏడు శాతం దాకా తప్పొస్తుంది. పైగా ఐస్ కింద నీళ్లు అంతటా ఒకేలా ఉండవు, ఐస్‌కి ఆనుకుని 0, అడుగుకి పోయేకొద్దీ 4 డిగ్రీల వైపు. దీన్ని ఎవరూ పట్టించుకోరు.

పాత_ఫ్లాషర్
ఆ లెక్కన మెషీన్ ఎక్కువ చూపించాలి. అతనికి తక్కువ చూపిస్తోంది.

శబ్దవేగం
నిజమే, ఇక్కడ అది ఎదురు తిరుగుతుంది. కానీ తప్పంటూ ఉంది కదా, దాన్ని కలపకుండా లెక్క తేలదు.

మినియాపోలిస్_కుర్రాడు
ఐస్ కింది అంచు దాటించి ఇంకో జానెడు కిందకి వదిలా. లైనేమో ఐస్ పైన వేళ్లతో పట్టుకుని కొలిచా. సీసం పైకి లాగితే రెండంగుళాల మేర బూడిదరంగు బురద అంటుకుని వచ్చింది.

పాత_ఫ్లాషర్
ఇది ముందే చెప్పాల్సింది. మెషీన్ కొలిచేది ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నుంచి. నువ్వు కొలిచింది ఐస్ పైనుంచి. 22 అంగుళాలు, జానెడు కలిపితే రెండున్నర అడుగులు అక్కడే పోయాయి. సీసం బురదలో దిగింది ఇంకో రెండంగుళాలు. మిగిలింది వాలు. శబ్దం విచ్చుకునే కోన్ 20 డిగ్రీలదైతే ఆ లోతులో అడుగున ఏడడుగుల పైచిలుకు వెడల్పు నేలని చూస్తుంది. అందులో ఏది దగ్గరుంటే దాని ప్రతిధ్వనే ముందొస్తుంది, అంటే గట్టు లోతు చూపిస్తుంది. కింద వాలుకి అంటుకున్న చేప అసలు కనిపించదు. 9 డిగ్రీలదైతే మూడడుగుల చిల్లర.
అంకె వదిలెయ్. జిగ్ (సీసం గుండున్న గాలం) అడుగు తాకేదాకా వదులు, లైన్ వదులవుతుంది, అక్కణ్ణుంచి ఒక అడుగు ఎత్తు. బెండు వాడితే గాలానికి క్లిప్ సీసం పెట్టి దించు, బెండు నీళ్లలో ఒక అడుగు లోతున మునిగి ఆగేలా ముడి సర్దు. సీసం తీసేస్తే బెండు పైకి తేలుతుంది, గాలం అడుక్కి అడుగు పైన ఉంటుంది.

కాకినాడ_గాలం
బాబూ, ఈ మెషీన్లు లేనప్పుడు మావాళ్లు లోతంతా బారల్లోనే చెప్పేవారు. లైన్ చాచి నాలుగు బారలంటే 24 అడుగులు, అయిపోయింది.

శబ్దవేగం
బార ఆరడుగులని ఎక్కడుందండి? ఎవరి చేతులు చాస్తే వాళ్ల బార. నాది అయిదున్నరే. నాలుగు బారలకి రెండడుగులు పోతుంది.

కాకినాడ_గాలం
అందుకే ఎవరి బార వాళ్లు ఒకసారి టేపుతో చూసుకుని లైన్ మీద గుర్తు పెట్టుకోవాలి. కొలత తప్పు కాదు, కొలుచుకోకపోవడం తప్పు.

ముందు_జాగ్రత్త
ఆ చలిలో గ్లవ్స్ తీసి తడి లైన్ బారలు వేస్తే వేళ్లు ఏం కావాలి?

మినియాపోలిస్_కుర్రాడు
పొద్దున జిగ్ అడుక్కి ఆనించి ఎత్తా. పదిన్నరకి ఒక చిన్న వాలై తగిలింది, వదిలేశా. మెషీన్ బాగానే ఉంది. థ్యాంక్స్ అన్నా.

కాకినాడ_గాలం
శబ్దవేగం గారూ, మీది అయిదున్నరా? వేళ్ల కొసల దాకా కొలిచారా, మణికట్టు దాకానా?