తోలుబొమ్మలాట చూసి కొత్త నీడలాట కట్టాలంటే

ప్రశ్న (చార్టు_కత్తెర): వలస కూలీల మీద పది నిమిషాల నీడలాట కడుతున్నాం. ఆలోచన తోలుబొమ్మలాట చూశాకే వచ్చింది. నల్ల చార్టుతో బొమ్మలు కోస్తే తెరమీద ఒట్టి నల్లమచ్చలు పడుతున్నాయి. వెనక ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ పెట్టాం, ఒక్కో చేతికి మూడేసి నీడలు! తోలు వాడక తప్పదా?

తెరవెనక: అక్కర్లేదండీ. తోలుబొమ్మలకైతే మేకతోలును గీకి పల్చన చేస్తారు కాబట్టి వెలుగు దూరి రంగులతో సహా తెరమీద పడుతుంది. నగలు, చీర అంచులు ఉలితో కొట్టిన చిల్లులే. తోలుబొమ్మల కళాకారుల ఊరు నిమ్మలకుంటలో అదే తోలుతో లాంప్‌షేడ్లు చేస్తున్నారు, చిల్లుల పని మాత్రం అదే. మీ చార్టులోనూ కన్ను, చొక్కా అంచు, తట్ట అల్లిక కోసేసి వెనక రంగు జిలేటిన్ కాగితం అంటించండి. చిల్లుకీ చిల్లుకీ మధ్య 3 మిల్లీమీటర్లయినా వదలకపోతే మోచేయి దగ్గర చిరుగుతుంది.

మూడు నీడలకు కారణం ఆ లైటే. అందులో ఎల్‌ఈడీ చుక్కలు విడివిడిగా ఉంటాయి, చుక్కకో నీడ. ఒక్క బల్బు పెట్టి, బొమ్మను తెరకు ఆనించి ఆడించండి. తెర పైఅంచు ప్రేక్షకుల వైపు కాస్త వాలితే బొమ్మ దానంతటదే ఆనుతుంది.

కీలుబద్ద: కీళ్ళకు స్ప్లిట్ పిన్నులు (కాళ్ళు విడదీసి వంచే ఇత్తడి రకం పిన్నులు) వాడారా? తెరను గీకుతాయి, బొమ్మను ఆననివ్వవు. మందపాటి దారం దూర్చి రెండువైపులా ముడెయ్యండి. బిగిస్తే చేయి ఆడదు, మరీ వదిలితే మోచేయి వెనక్కి తిరుగుతుంది. నడుముకు నిలువుగా వెదురుబద్ద, చేతికి విడిగా పుల్ల.

ఇంకోటి. బొమ్మను తెరనుంచి బల్బు వైపు లాగితే నీడ పెద్దదై, మసకబారి కరిగిపోతుంది. ఊరు వదిలే ఘట్టానికి ఇంతకంటే ఏం కావాలి? అక్కడ రైలు చప్పుడుకు రికార్డింగు పెట్టాలనుకుంటే మానేయండి. తోలుబొమ్మలాటలో యుద్ధాలకు కాళ్ళకింద చెక్కలు టకటకా తొక్కుతారే, అదే వాడండి. తోలుబొమ్మలాటలో నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్క లాంటి జంట కూడా ఉండాలి. రామాయణం మధ్యలో దూరి ఊరి సంగతులు ఎత్తిపొడిచే హక్కు వాళ్ళకే ఉంది. మేస్త్రీని తిట్టాలన్నా వాళ్ళ నోటే తిట్టించాలి.

చార్టు_కత్తెర: బల్బు మార్చాం, నీడ ఒక్కటే పడుతోంది. ఫోన్లో తీస్తే మాత్రం తెరమీద చారలు పాకుతున్నాయి.

తెరవెనక: మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకు వందసార్లు మినుకుతుంది; కెమెరా దానితో కుదరకపోతే ఆ చారలు. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. ఎక్స్‌పోజర్ (ఫోను తీసుకునే వెలుగు) లాక్ చేయకపోతే బొమ్మ వచ్చిన ప్రతిసారీ తెర మరీ తెల్లగా అయిపోతుంది.