అప్‌డేట్: కార్బ్యురేటర్ బండికి ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంప్

ఇంజిన్ వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ కావట్లేదు, ఇంజినే నడిపే మెకానికల్ ఫ్యూయల్ పంప్ తీసేసి ఎలక్ట్రిక్‌ది పెట్టొచ్చా అని అడిగాను కదా. పెట్టాను, సమస్య పోయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అన్నిటికంటే ముఖ్యం ప్రెషర్. చాలా కార్బ్యురేటర్లకు (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కిచ్చే భాగం) 2.5 నుంచి 4 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చాలు. ఇంజెక్షన్ బండ్ల పంప్ పెడితే కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్ రాకను మూసే ఫ్లోట్ నీడిల్ దాన్ని ఆపలేదు, పెట్రోల్ పొంగిపోతుంది. తక్కువ ప్రెషర్ పంప్ కొన్నా సరే, కార్బ్యురేటర్ దగ్గర గేజ్ పెట్టి చూసుకోండి.

ఈ పంపులు బాగా తోస్తాయి, అంతగా లాగలేవు. అందుకే ట్యాంక్ పక్కనే, దాని అడుగు మట్టానికి, సైలెన్సర్‌కు దూరంగా బిగించాను. పంప్‌కు ముందు ఫిల్టర్ తప్పనిసరి.

వైరింగ్‌లో తొందర వద్దు. ఇగ్నిషన్ నుంచి నేరుగా కరెంట్ ఇస్తే ఇంజిన్ ఆగినా పంప్ ఆడుతూనే ఉంటుంది. యాక్సిడెంట్‌లో పైపు తెగితే పెట్రోల్ చిమ్ముతుంది. రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను కలిపే స్విచ్), ఫ్యూజ్‌తో పాటు ఆయిల్ ప్రెషర్ స్విచ్ పెట్టాలి; ఇంజిన్ ఆగితే ఆయిల్ ప్రెషర్ పడిపోయి పంప్ కూడా ఆగుతుంది. డ్యాష్‌బోర్డ్ లైట్‌కున్న స్విచ్ పనికిరాదు: అది ప్రెషర్ రాగానే తెరుచుకుంటుంది, మనకు ప్రెషర్ వస్తే కలిసేది కావాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆయిల్ ప్రెషర్ ఇంకా రాదు కాబట్టి, అప్పుడు మాత్రం రిలేకు స్టార్టర్ లైన్ నుంచి డయోడ్ (కరెంట్‌ను ఒకవైపే పోనిచ్చేది) ద్వారా కరెంట్ అందాలి.

పాత పంప్ విప్పితే డయాఫ్రమ్ (పెట్రోల్‌ను తోసే రబ్బరు పొర) అంచున సన్నటి చీలిక కనిపించింది. అలాంటి చోటు నుంచి పెట్రోల్ సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగుతుంది, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. ఇంజిన్ ఆయిల్ మార్చి, పంప్ రంధ్రానికి గ్యాస్కెట్ వేసి ప్లేట్ బిగించాను. కొన్ని ఇంజిన్లలో పంప్‌ను నడిపే పుష్‌రాడ్ (చిన్న కడ్డీ) విడిగా ఉంటుంది, ప్లేట్ వేసేముందు దాన్నీ తీసేయండి.