సికిల్ సెల్ మాత్ర రోజూ వేసుకునేలా తమ్ముడికి ఎలా నచ్చజెప్పాలి?

మాది పాడేరు వైపు. మా తమ్ముడికి సికిల్ సెల్ జబ్బు. చిన్నప్పుడు అమ్మ దగ్గరుండి మందులు వేసేది, ఇప్పుడు విశాఖలో రోజు కూలికి పనిచేస్తూ స్నేహితులతో గదిలో ఉంటున్నాడు, ఫోలిక్ యాసిడ్ ఎలాగోలా వేసుకుంటాడు గానీ హైడ్రాక్సీయూరియా మాత్రం నొప్పి వచ్చినప్పుడు వేసుకుని తగ్గగానే మానేస్తున్నాడు. అది నొప్పి మాత్ర కాదని, పసిపిల్లల రక్తంలో ఎక్కువగా ఉండే హిమోగ్లోబిన్ ఎఫ్‌ని పెంచి ఎర్రకణాలు కొడవలిలా వంగడం తగ్గిస్తుందని, ఫలితం కనబడాలంటే నెలల తరబడి వాడాలని డాక్టర్ గారు చెప్పారు. వాడికీ తెలుసు. అయినా మానేస్తాడు.

వాణ్ని తిట్టాలని లేదు. బాగున్న రోజు కూడా మాత్ర చూస్తే జబ్బే గుర్తొస్తుందంటాడు. ఈ మందుతో రక్తకణాలు మరీ పడిపోకుండా చూసుకోవడానికి మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించాలి కదా, దానికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. గదిలో వాళ్లు ఏం మందని అడుగుతారని దాచుకుంటాడు. పెళ్లి మాటలు మొదలయ్యాక ఇంకో భయం, ఈ మందుతో వీర్యకణాలు తగ్గుతాయని ఎక్కడో చదివాడు, డాక్టర్ని అడగమంటే సిగ్గు. అసలు కారణం ఇదేనని నాకు గట్టి అనుమానం, అక్కగా నేను ఆ మాట ఎత్తలేను.

ఇక్కడ సికిల్ సెల్ ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్. పనిచేసుకుంటూ రోజూ ఎలా వేసుకుంటున్నారు? పిల్లల విషయం డాక్టర్‌తో ఎలా మాట్లాడారు? పెళ్లయిన అన్నయ్యలు ఎవరైనా వాడితో ఒక్కసారి మాట్లాడగలరా?