ఈపీసీఎస్4 (ఎఫ్‌పీజీఏ డిజైన్‌ను దాచే ఫ్లాష్ చిప్) పోతే దాని బదులు ఏ చిప్ పెట్టొచ్చు?

ఫైనలియర్_ఈసీఈ:
సీనియర్ల దగ్గర తీసుకున్న సైక్లోన్ 2 ఎఫ్‌పీజీఏ (మనం రాసిన సర్క్యూట్‌గా మారే చిప్) బోర్డు, చిప్ ఈపీ2సీ5. జేట్యాగ్‌లో (నేరుగా ఎఫ్‌పీజీఏకి వెళ్లే కేబుల్ దారి) .ఎస్ఓఎఫ్ డిజైన్ ఫైల్ ఎక్కిస్తే ప్రాజెక్టు బాగా నడుస్తోంది, పవర్ తీస్తే పోతోంది. ఏఎస్ హెడర్‌లో (ఈపీసీఎస్‌కి వెళ్లే పిన్నులు) .పీఓఎఫ్ (ఫ్లాష్‌లో రాసే ఫైల్) ఎక్కిద్దామంటే సిలికాన్ ఐడీ (చిప్ తన రకం చెప్పే కోడ్) గుర్తించలేదని క్వార్టస్ సాఫ్ట్‌వేర్ ఆగిపోతోంది. ఈపీసీఎస్4 పోయినట్టేనా? కోఠిలో అది లేదు, డబ్ల్యూ25క్యూ16 అనే ఫ్లాష్ చిప్ ఉందన్నారు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

సోల్డర్_మామ:
తమ్ముడూ, చిప్ అప్పుడే పీకకు. ఎఫ్‌పీజీఏ లోపలుండేది ఎస్‌ర్యామ్, కరెంటు పోతే ఖాళీ అవుతుంది. పవర్ వచ్చిన ప్రతిసారీ ఎఫ్‌పీజీఏనే క్లాక్ ఇచ్చి ఈపీసీఎస్ నుంచి బిట్లు చదువుకుంటుంది. ముందు ఆ హెడర్‌ని అనుమానించు. క్వార్టస్‌లో కన్వర్ట్ ప్రోగ్రామింగ్ ఫైల్స్‌కి వెళ్లి .జేఐసీ (జేట్యాగ్ దారిలో ఫ్లాష్‌కి రాసే ఫైల్) చేసి, జేట్యాగ్ నుంచే ఎక్కించు. అప్పుడు ఎఫ్‌పీజీఏనే మధ్యలో ఉండి ఫ్లాష్‌లో రాస్తుంది, ఏఎస్ కేబుల్‌తో పనే లేదు. అదీ ఐడీ దగ్గరే ఆగితే చిప్‌నీ దాని టంకాలనీ చూడాలి.

ఫైనలియర్_ఈసీఈ:
అదీ అక్కడే ఆగింది అన్నా. టంకాలు మళ్లీ వేసి చూశా, అంతే.

సోల్డర్_మామ:
అయితే మార్చు. ఎం25పీ40 అనే ఫ్లాష్ చిప్ దొరికితే అదే మేలు, నా బోర్డులో అదే ఉంది. క్వార్టస్ ఏబీ కమాండ్‌తో ఐడీ అడుగుతుంది, ఈపీసీఎస్4 లాగే అదీ 12 హెక్స్ చెబుతుంది. డబ్ల్యూ25క్యూ16 అయితే 14 చెబుతుంది, అది ఈపీసీఎస్16 (అదే కుటుంబంలో పెద్ద చిప్) ఐడీ. కాబట్టి .జేఐసీ చేసేటప్పుడు ఈపీసీఎస్16 ఎంచుకో. నీ ఎఫ్‌పీజీఏకి కావాల్సింది 12,65,792 బిట్లే, దేనిలోనైనా పడుతుంది. కాళ్లు కూడా సరిపోతాయి: ఈపీసీఎస్‌లో 3, 7, 8 మూడూ వీసీసీకే (పవర్ లైన్) వెళ్తాయి. కొత్త చిప్‌లో 3 రైట్ ప్రొటెక్ట్ (రాయకుండా అడ్డుకునేది), 7 హోల్డ్ (పని ఆపి ఉంచేది). రెండూ హైలోనే ఉండాలి, బోర్డు మీద అలాగే ఉన్నాయి. కొనేటప్పుడు వెడల్పు చూడు. 150 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) కావాలి, 208 మిల్‌ది ఆ ప్యాడ్ల మీద కూర్చోదు.

బిట్_బాబాయ్:
సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో (ఫ్లాష్ చిప్‌లో రాసే యూఎస్‌బీ పరికరం) విడిగా రాసేవాళ్లకు ఒక మాట: .ఆర్‌పీడీలో (క్వార్టస్ ఇచ్చే ముడి ఫ్లాష్ ఫైల్) ప్రతి బైట్‌లోనూ బిట్ల వరుస తిరగేసి రాయాలి. లేకపోతే వెరిఫై పాసవుతుంది, కాన్ఫ్‌డన్ (ఎఫ్‌పీజీఏ డిజైన్ చదవడం పూర్తయిందని చెప్పే పిన్) మాత్రం పైకి లేవదు. క్వార్టస్‌తో ఎక్కిస్తే ఈ గొడవ లేదు.

ఫైనలియర్_ఈసీఈ:
150 మిల్ డబ్ల్యూ25క్యూ16 దొరికింది. ఈపీసీఎస్16 అని పెట్టి .జేఐసీ ఎక్కించా, పవర్ తీసి పెడితే డిజైన్ దానంతటదే లేస్తోంది. చాలా థాంక్స్ అన్నా.