ముష్టి గింజల విషానికి ఒళ్లు ఎందుకు బిగుసుకుపోతుంది?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా ఊరి పొలిమేరలో ముష్టి చెట్లు ఉన్నాయి. చిన్నప్పుడు ఆ గింజల విషం తిన్న కుక్క ఒకటి మా అరుగు ముందు పడిపోవడం చూశాను; ఇంట్లో ఎవరో గిన్నె జారవిడిచిన చప్పుడుకే దాని నడుము విల్లులా వంగి, కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఆ గింజల్లోని స్ట్రిక్నిన్, వెన్నుపాములో గ్లైసిన్ అనే నిరోధక నాడీప్రసారకానికి అడ్డుపడుతుందని ఇప్పుడు నర్సింగ్ పాఠంలో చదివాను. కండరాన్ని బిగించే పదార్థమేదీ కొత్తగా చేరనప్పుడు అంత బిగువు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

జవాబు (బరంపురం నుంచి):
కొత్తగా రానక్కరలేదండి, బిగించే సంకేతాలు వెన్నుపాములో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. మోచేయి మడిచి చూడండి: ముందు కండరం బిగిసే క్షణంలోనే, వెన్నుపాములోని ఒక చిన్న మధ్యవర్తి నాడీకణం గ్లైసిన్‌ను వదిలి, వెనక కండరాన్ని నడిపే కణాన్ని ఆపుతుంది కనుకనే చేయి మడతపడుతుంది. గ్లైసిన్ కూర్చోవలసిన గ్రాహకంలో స్ట్రిక్నిన్ తిష్ఠ వేస్తే రెండు కండరాలూ ఒకేసారి బిగుస్తాయి, చిన్న చప్పుడైనా ఒళ్లంతా పాకుతుంది. ధనుర్వాతంలో దారి వేరు. ధనుర్వాతపు విషం గ్రాహకం జోలికి పోకుండా, గ్లైసిన్, దానిలాగే సంకేతాన్ని ఆపే గాబా అనే మరో నాడీప్రసారకం, ఈ రెండింటి విడుదలనే ఆపేస్తుంది.

జవాబు (గుణుపురం నుంచి):
ఆపడం ఎలాగన్నది కూడా చెప్పుకోవాలి. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపల సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులుంటాయి. అది మైనస్ 55 దరిదాపులకు చేరితే తప్ప సంకేతం పుట్టదు. గ్లైసిన్ గానీ, మెదడులోనైతే ఎక్కువగా గాబా గానీ తగలగానే క్లోరైడ్ ద్వారం తెరుచుకుని, రుణావేశపు అయాన్లు లోపలికి వచ్చి వోల్టేజీని ఇంకా దించుతాయి. పాఠ్యపుస్తకాలు తరచుగా ఇక్కడితో ఆగుతాయి, నా మటుకు అది సగం మాటే. వోల్టేజీ కదలకపోయినా, ద్వారం తెరిచి ఉన్నంతసేపూ ఉత్తేజక సంకేతపు విద్యుత్తు, గండి పడిన కాలువ నీరు చివరి మడికి చేరనట్టే, మధ్యలోనే జారిపోతుంది. పిండదశలో నాడీకణాల లోపల క్లోరైడ్ ఎక్కువగా ఉండటం వల్ల అదే గాబా వాటిని ఉత్తేజపరుస్తుంది కూడా.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మరి ధనుర్వాతం రోగికి ఇచ్చే డయాజెపామ్ గ్లైసిన్‌ను తిరిగి తెస్తుందా?

జవాబు (బరంపురం నుంచి):
తేదు. అందుబాటులో ఉన్న గాబా అంటుకున్నప్పుడు, దాని క్లోరైడ్ ద్వారం మరింత తరచుగా తెరుచుకునేలా మాత్రమే చేస్తుంది. అందుకే మందు ఇస్తూనే గదిని చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచమంటారు. మీరు విన్న గిన్నె చప్పుడు వంటిది రోగి చెవిన పడకూడదు.