జాతక అట్ఠకథలో ‘బోధిసత్త’ పదం: లెక్క ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న:
పాళీ జాతక అట్ఠకథలో (బుద్ధుడి పూర్వజన్మ కథల వ్యాఖ్యానం) ‘బోధిసత్తో’ (బుద్ధుడు కాబోయేవాడు) అన్న మాట ఏ కథలో ఎన్నిసార్లు వస్తుందో లెక్క తీస్తున్నాను. ఛట్ఠ సంగాయన (బర్మాలో జరిగిన ఆరో బౌద్ధ సంగీతి) పాఠం, తెలుగు లిపిలో. చివరి పెద్ద కథల్లో అంకె బాగా పడిపోతోంది. గాథల్లోనైతే (పద్యాల్లో) దాదాపు లేదు. తేడా నా వెతుకులాటలో ఉందా, పాఠంలోనే ఉందా?

జవాబు 1:
రెండింట్లోనూ ఉందండి. ‘బోధిసత్తో’ ప్రథమా విభక్తి మాత్రమే. బోధిసత్తం, బోధిసత్తేన, బోధిసత్తస్స అన్నీ జారిపోతాయి. ఓత్వం తీసేసి ‘బోధిసత్త’ అని కొట్టండి, ‘పూర్తి మాట’ అనే ఆప్షన్ ఆపేయండి. అప్పుడు ‘బోధిసత్తమాతా’ లాంటి సమాసాలూ వచ్చిపడతాయి, వాటిని చేత్తో ఏరాల్సిందే. తర్వాత వేరే పదాలు వెతికితే ఒకటి గుర్తుంచుకోండి: ఆ పాఠంలో వర్గాక్షరాల ముందు సున్న రాయరు. ‘గంధ’, ‘పంచ’ అంటే దొరకవు. ‘గన్ధ’, ‘పఞ్చ’ అనాలి.

జవాబు 2:
పెద్ద కథల్లో మీకు అడ్డొస్తున్నది ‘మహాసత్తో’, బోధిసత్తుడికే మరో పేరు. ఆఖరి విభాగమైన మహానిపాతంలోని పది కథల్లో (538–547) అట్ఠకథ ఆయన్ని తరచూ అలా పిలుస్తుంది. ఒకే కథలో రెండు పేర్లూ కలగలిసి వస్తాయి కాబట్టి రెండూ వెతికి కూడండి.

గాథల సంగతికొస్తే, తిపిటకంలో (బౌద్ధ మూల గ్రంథాల్లో) జాతకమంటే దాదాపు గాథలే. కథ నడిపే వచనం దాదాపు అంతా అట్ఠకథది, ‘ఇతనే బోధిసత్తుడు’ అని చూపేదీ ఆ వచనమే. నిపాతాలను (విభాగాలను) పేర్చింది గాథల సంఖ్యను బట్టి: మొదటి 150 కథల్లో తలా ఒక గాథ, చివర్లో వందల కొద్దీ. గాథలూ వాటి ప్రతిపదార్థాలూ తీసేయకుండా నిడివిని బట్టి సగటు కడితే చివరి కథలు ఉత్తపుణ్యానికి వెనకబడతాయి.

కథల నంబర్లను నమ్మకండి. మహాఉమ్మగ్గ జాతకం ఫౌస్‌బోల్ (డెన్మార్క్ పండితుడు) ముద్రణలో 546, బర్మా పాఠంలో ‘ఉమఙ్గ’ పేరుతో 542. పేరుతోనే పట్టుకోవాలి.

జవాబు 3:
అంకె కన్నా ఆ మాట ఎక్కడ పడిందో చూడటం ముఖ్యమని నా అభిప్రాయం. బక జాతకం (38) తీసుకోండి. కొంగ చేపల్ని మోసం చేసి తింటుంది, చివరికి ఎండ్రకాయ దాని మెడ కత్తిరిస్తుంది. బోధిసత్తుడు ఈ రెండూ కాదు, కొలను దగ్గరి చెట్టు మీద దేవత: ‘రుక్ఖదేవతా హుత్వా నిబ్బత్తి’. అంతా చూసి, ఆఖర్న గాథ చెబుతాడు. ఇక్కడ అంకె చిన్నదే, కానీ దాని అర్థం పెద్దది: ఆయన నాయకుడు కాడు, సాక్షి.

పేరు చెప్పాక చాలా కథలు ఆయన్ని తాపసో, పణ్డితో అంటూ పాత్రతోనే పిలుస్తాయి. ముగింపు సమోధానంలో (అప్పటి పాత్రలు ఇప్పుడు ఎవరో చెప్పే భాగం) బుద్ధుడు తన పాత్రను చాలాసార్లు ‘అహమేవ’ (నేనే) అని చెబుతాడు. ముందు ‘అహమేవ’ వెతికి పాత్ర ఏదో తేల్చుకుని, ఆ పాత్ర పేరును కథలో పట్టుకోండి.

మొదటి భాగం ముందున్న నిదానకథను (ఉపోద్ఘాతం) వేరుచేయండి. సుమేధుడి నుంచి సిద్ధత్థుడి దాకా ఆ మాట అందులో అడుగడుగునా వస్తుంది. లెక్కను మొదటి కథ అపణ్ణక జాతకంతో మొదలుపెట్టండి.