కాశీకి 34 మంది: అక్కడి లోకల్ పార్ట్‌నర్‌తో ఏమేం మాట్లాడుకోవాలి?

తిలక్ రోడ్డు ట్రావెల్స్:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి, చిన్న ట్రావెల్స్ ఆఫీసు. పదేళ్లుగా అరుణాచలం, రామేశ్వరం, కంచి ట్రిప్పులు వేస్తున్నాం. అవన్నీ మా బండి, మా డ్రైవరు, తెలిసిన లాడ్జీలు. దారిలో ఏం జరిగినా ఒక ఫోన్‌తో సర్దుకునేవి.

ఇప్పుడు మొదటిసారి కాశీ, ప్రయాగ, అయోధ్య, గయ పెట్టుకున్నాను. కార్తీకం అయ్యాక, 34 మంది. సగం మంది అరవై దాటినవాళ్లే. వంటమాస్టరు, ఆయన మనిషి ఒకరు కూడా వస్తారు. మనవాళ్లకు మూడో రోజుకే చారన్నం మీదికి మనసు పోతుంది కదా. రైలు టికెట్లు నేనే చూసుకుంటాను. అక్కడ దిగినప్పటి నుంచి బండ్లు, రూములు, చూపించే మనిషి, అంతా కాశీలోని పార్ట్‌నర్‌కే అప్పగించాలి.

ఇద్దరి దగ్గర రేటు తెప్పించాను. తలకు 1,300 తేడా ఉంది. తక్కువ చెప్పినాయన "అన్నీ మేం చూసుకుంటాం, టెన్షన్ పడొద్దు" అంటున్నాడు. డబ్బు ఎంత ముందు ఇవ్వాలి? యాత్రికుల ఫోన్ నంబర్లు అడుగుతున్నారు, ఇస్తే రేపు నన్ను దాటేసి నేరుగా వాళ్లతోనే మాట్లాడుకోరా? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

కాణిపాకం వాసి:
లెక్కల సంగతి ఒక్కటి చెప్తాను. ఆయన చెప్పిన రేటు మీద మీ మార్జిన్ మీరు వేసుకోవాలి, కాబట్టి నెట్ రేటా (అంటే కమిషన్లేవీ కలపనిదా) కాదా అని ముందే అడగండి. జీఎస్టీ కలిపా, విడిగానా అన్నదీ తేల్చుకోండి. టూర్ ఆపరేటర్ సేవకు 5 శాతం పడుతుంది. ఆయన దగ్గర పక్కా బిల్లు తీసుకుంటే అదే రకం సేవ కాబట్టి ఆయనకు కట్టిన జీఎస్టీ మీరు కట్టేదాంట్లో తగ్గించుకునే క్రెడిట్ వస్తుంది, మీ ఆడిటర్‌ను అడగండి. ఇన్ని టికెట్లకు ఒకటి ఫ్రీ అని ఇస్తుంటారు. మీ వంటమాస్టరు ఖర్చు అందులో సరిపోతుందేమో చూడండి.

రేణిగుంట పికప్:
అన్నా, నేను మీకు ఎదురు వైపు మనిషిని. కాశీలో మీరు ఎవరిని వెతుకుతున్నారో, పుణె, అహ్మదాబాద్ ఆపరేటర్లకు తిరుపతిలో నేను ఆ మనిషిని. వాళ్ల యాత్రికులు ఇక్కడ రైలు దిగింది మొదలు మళ్లీ ఎక్కేదాకా బండి, రూములు, కాళహస్తి, కాణిపాకం, తిరుచానూరు అన్నీ నా బాధ్యత.

ఆ 1,300 ఎక్కడ తగ్గిందో ముందు కనుక్కోండి. ఈ లైన్‌లో నష్టానికి ఎవరూ చేయరు. రేటు పిండితే పైకి కనిపించనివి పోతాయి. ఊరి మధ్యలో ఉండాల్సిన హోటలు బైపాస్‌కు జరుగుతుంది. 17 సీట్ల టెంపోలో 17 మందీ ఎక్కి, బ్యాగులు కాళ్ల మధ్య పెట్టుకుంటారు. వెంట నడవాల్సిన కుర్రాడు ఫోన్‌లో మాత్రమే దొరుకుతాడు. పెద్దవాళ్లున్న గ్రూపుకు ఈ మూడోది అన్నిటికన్నా కష్టం. కాబట్టి "అన్నీ" అనే మాట ఒప్పుకోవద్దు. ఏ హోటలు, ఎన్ని రూములు, ఏ బండి, ఎన్ని గంటలు, వెంట ఎవరు, ఒక్కొక్కటీ రాయించుకోండి.

నాకు జరిగింది చెప్తాను. ఒక ఆపరేటరు 40 మందిని పంపారు. నాతో మాట్లాడుకున్నది బండ్లు, రూముల వరకే. తిరుమల దర్శనం 300 రూపాయల టికెట్లు మేమే తీశామన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి తిరుపతి స్టేషన్లో దిగారు. ఒక పెద్దావిడ ఆ ఆపరేటరు ఇచ్చిన, నాలుగు మడతలు పెట్టిన పాంప్లెట్ విప్పి, ఒక లైను మీద వేలు పెట్టి నాకు చూపించింది. నాకు మరాఠీ రాదు. "వీఐపీ దర్శన్" అన్న రెండు మాటలు మాత్రం చదవగలిగాను. తీరా చూస్తే టికెట్లు 22 మందికే ఉన్నాయి. మిగతా 18 మంది పేర్లు ఎక్కడా లేవు. ఆపరేటరు ఫోన్ ఎత్తలేదు.

ఆ టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు, ఆధార్ మీద ఎవరి పేరున తీస్తే వాళ్లకే. ఆ పొద్దు నేను ఎవరిని బతిమాలినా పుట్టేవి కావు. ఆ 18 మందిని శ్రీనివాసం దగ్గర సర్వదర్శనం టోకెన్ల లైన్లో నిలబెట్టి, వాళ్లతో నేనూ నిలబడ్డాను. స్వామి దయ, రాత్రికి స్లాట్ దొరికింది. కాళహస్తి మాత్రం పోయింది. కొండ దిగి వచ్చాక ఆవిడ నా చేతిలో లడ్డూ ముక్క పెట్టి, ఆ పాంప్లెట్ కూడా నాకే ఇచ్చేసింది. ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది.

అప్పటి నుంచి కొత్త ఆపరేటరు ఎవరు ఫోన్ చేసినా, రేటు చెప్పే ముందు మీ పాంప్లెట్ పంపండి అంటాను. మీరూ ప్రింటుకు ఇచ్చే ముందు కాశీ ఆయనకు ఒక్కో లైను చదివి వినిపించండి. మీరు మాట ఇస్తున్నారు, నిలబెట్టాల్సింది ఆయన.

అక్కడి సంగతులు కొన్ని మీకు తెలిసే ఉంటాయి. బయటి పెద్ద బస్సు మన దగ్గర అలిపిరి దాటనట్టే, కాశీలో కూడా పాత ఊళ్లోకి రాదు. గొదౌలియా కూడలి నుంచి విశ్వనాథుడి గుడికి నడకే. ఫోన్లు లోపలికి రానివ్వరు, లాకర్లో పెట్టాలి. 34 ఫోన్లు ఎవరు పెట్టిస్తారు, తప్పిపోయినవాళ్లు ఎక్కడ కలుసుకోవాలి, ఇదంతా వెంట ఉండే మనిషి పని. ఇంకోటి, డిసెంబరులో అటువైపు పొగమంచుకు రైళ్లు గంటలు గంటలు లేటవుతాయి. అప్పటిదాకా బండి వెయిటింగ్ చార్జీ ఎవరిదో రేటులోనే తేల్చుకోండి.

డబ్బు విషయం. నేను తీసుకునేది 30 శాతం అడ్వాన్సు, రూములు కన్ఫర్మ్ చేసి చూపించాక 50, మిగిలిన 20 చివరి రోజు. మొత్తం ముందే అడిగితే ఒప్పుకోవద్దు. బయలుదేరే రెండు రోజుల ముందు మీరే నేరుగా ఆ హోటలుకు ఫోన్ చేసి, మీ గ్రూపు పేరు మీద రూములున్నాయా అని అడగండి. నాకు ఫోన్ చేయకుండా హోటలుకే చేసేవాళ్లంటే నాకు గౌరవం.

నంబర్లు ఇవ్వండి. పొద్దున్నే గంగ ఒడ్డున ఒక ముసలాయన కనిపించకపోతే వెతకాల్సింది ఆ కాశీ పార్ట్‌నరే. మీ పేరుతోనే బోర్డు పట్టుకోవాలి, సొంత కార్డులు పంచకూడదు అని రాతలో పెట్టుకుంటే చాలు.

పలమనేరు:
వంట గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. పోయినసారి మా అత్తమ్మతో ఇలాంటి గ్రూపులోనే కాశీకి వెళ్లాను. హోటలు వాళ్లు లోపల స్టవ్ వెలిగించనివ్వలేదు. వంటాయన పార్కింగ్ పక్కన ఇటుకలు పెట్టి వండారు, మేము చలిలో నిలబడి తిన్నాం. రైల్లో గ్యాస్ సిలిండర్ తీసుకెళ్లకూడదు, అక్కడే ఏర్పాటు కావాలి. వంటకు చోటు, నీళ్లు, సిలిండరు, మూడూ పార్ట్‌నర్‌ను అడగండి అన్నయ్యా.

గయలో పిండప్రదానం ఖర్చు కూడా ముందే మాట్లాడండి. మాకు విష్ణుపాదం దగ్గరికి వెళ్లాక ఒక్కొక్కరికి ఒక్కో లెక్క చెప్పారు. తల్లిదండ్రుల కార్యం దగ్గర బేరమాడటానికి ఎవరికీ నోరు రాదు.

తిలక్ రోడ్డు ట్రావెల్స్:
అందరికీ దండాలు. ఈ రోజు ఇద్దరికీ మళ్లీ ఫోన్ చేశాను. వంటకు చోటు అడిగితే తక్కువ రేటాయన "వచ్చాక చూద్దాం" అన్నాడు. రెండో ఆయన హాలు ఉన్న ధర్మశాల పేరు చెప్పి, నన్నే తిరిగి అడిగాడు: మెట్లు ఎక్కలేనివాళ్లు ఎంతమంది, కింది అంతస్తులో ఎన్ని రూములు కావాలి, షుగరు ఉన్నవాళ్లు ఎందరు? నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం నుంచి ఒక్కొక్కరికి ఫోన్ చేసి రాసుకుంటున్నాను, ఇప్పటికి 21 మంది అయ్యారు.

పాంప్లెట్ అప్పటికే ప్రెస్సులో ఉంది. అందులో "పడవలో కూర్చుని గంగా హారతి దర్శనం" అని వేయించాను. ఆ రెండో ఆయనకు చదివి వినిపిస్తే, ఈ రేటులో పడవ లేదు, ఘాట్ మెట్ల మీద కూర్చునే చూడాలి, పడవ కావాలంటే తలకు ఇంత అని చెప్పాడు. ప్రెస్సుకు ఫోన్ చేసి ఆపించాను. పడవ డబ్బు కూడా కలిపి రేపు కొత్త రేటు వేసి, అదే లైను ఉంచి మళ్లీ ప్రింటుకు ఇస్తున్నాను.